శబ్దమునకు దిక్కు చూపిన బ్లమ్లైను

ఆలన్ డౌవర్ బ్లమ్లైను 1903వ సంవత్సరము జూన్ 29వ తేదీని లండను నగరమున జన్మించెను. విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి, 1924లో టెలిఫోను పనిలో ప్రవేశించి, ఒక తీగలోని మాట ప్రక్కతీగలోనికి జొరబడు దోషమును తగ్గించు నుపాయములను గనిపెట్టెను. 1929లో కొలంబియా గ్రాఫోఫోను కంపెనీలో చేరెను. అది 1931లో మఱియొక కంపెనీతో గలిసి ఇ.ఎమ్.ఐ. అయ్యెను.

ఈయన యొకనాడు కాబోవు భార్యతో చలనచిత్రమునకు బోయి, నటుడు తెరపై నీ కొననుండి యా కొనకు నడచుచుండగా మాట మాత్రమొక్కచోటనే యుండుట చూచి సహింపలేకపోయెనని చెప్పుదురు. 1931 డిసెంబరులో నీయన పేటెంటునకు దరఖాస్తు చేసెను.

అందలి కీలకము మైక్రోఫోను స్వభావమందే కలదు. మైక్రోఫోనులన్నియు నన్ని దిక్కుల నొకేరీతిగా వినునని మా విద్యార్థులు తలంచుచుందురు. వార్షికోత్సవములందు దానికి ప్రక్కగా నిలిచి పాడుటకు గారణమిదియే. గాలి యొత్తిడి పలకకు నొకవైపుననే తగులునట్లు చేసినచో నది యించుమించుగా నెల్లదిక్కుల వినును. అయస్కాంతముల నడుమ వ్రేలాడు లోహపు రిబ్బనునకు ముందువెనుకల రెంటను గాలి తగులును. సూటిగా ప్రక్కనుండి వచ్చు శబ్దము దాని రెండు ముఖముల నొకేసారి సమానముగా దాకుటచే రిబ్బను కదలదు. కాగితముపై గీచినచో దీని వినికిడి 8 అంకెవలె నుండును. ఈ రెండు స్వభావములను సమానముగా గలిపినచో వెనుకటి శబ్దము కొట్టుపడి, హృదయాకార మేర్పడును.

బ్లమ్లైను ఆ ప్రక్కచెవిటితనమునే పనికి బెట్టుకొనెను. 8 ఆకారపు మైక్రోఫోనులను రెంటి నొక్కచోటనే, ఒకటి యెడమకు 45 అంశలు, మఱియొకటి కుడికి 45 అంశలు త్రిప్పి నిలిపెను. నడుమనుండి పాడినచో రెంటను సమానముగా, పూర్తిబలములో సుమారు 0.7 వంతు పడును. గాయకుడు 45 అంశలు ఎడమకు జరిగినచో నెడమదానిలో సంపూర్ణముగా వినబడును, కుడిదానిలో నేమియు నుండదు. రెండు లౌడుస్పీకరుల నడుమ గూర్చున్నవానికి బాడువాని చోటు తెలియును. వెనుకవైపునను వినును గనుక గది ప్రతిధ్వనియు, దానితో శ్రోతల దగ్గులును జేరును. కావున మంచి గది లేనివారి కిది యంతగా నుపయోగింపదు.

1934 జనవరిలో ఆబీరోడ్డు స్టూడియోయందు బీచమ్ నడపిన వాద్యబృందమును ద్విమార్గపద్ధతిని రికార్డు చేసెను. 1935లో హేస్ స్టేషనున రైలుబండ్లు దాటిపోవుటను చిత్రించిరి. అయినను కంపెనీ దృష్టి టెలివిజనుపై బడగా నీ పని మూలబడెను.

అంతలో యుద్ధము వచ్చెను. విమానములనుండి నేలను జూపు రేడారును బరీక్షించుచు, 1942 జూన్ 7వ తేదీని హాలిఫాక్సు విమానమున నీయన పయనించుచుండగా నింజను మండి, విమానము హెరిఫర్డుషైరున గూలెను. అందలి పదునొకండుగురును మరణించిరి. బ్లమ్లైనునకు 39 యేండ్లు నిండుట కింక 22 దినములుండెను. ఆ పరికరము రహస్యము గనుక నాతని మరణవార్తయు బహిరంగముగా బ్రకటింపబడలేదు. భార్యయు నిద్దఱు కుమారులును మిగిలిరి.

గాడి రెండు గోడలయందును రెండు శబ్దములను జెక్కు పద్ధతియు నాతని 1931 నాటి పేటెంటులోనే కలదు. అట్టి రికార్డులు 1958లో అంగళ్లకు వచ్చెను.