డాక్టర్ చార్లెస్ కెల్మన్

కంటిలోని కటకం స్వచ్ఛమైన గాజుబిళ్ళ వంటిది. వయసు మళ్ళినకొద్దీ అది మసకబారితే శుక్లం అంటాం. ఒకప్పుడు శుక్లం తీయాలంటే నల్లగుడ్డు అంచు వెంబడి దాదాపు సగం చుట్టూ కోయవలసి వచ్చేది. తల కదలకుండా ఇరువైపులా ఇసుక సంచులు పెట్టుకొని రోగి రోజుల తరబడి పడుకొనేవాడు. ఆ తరువాత సోడాబుడ్డి కళ్ళద్దాలు తప్పేవి కావు. ఈ అవస్థను తొలగించడానికి పూనుకొన్నవాడు కెల్మన్.

ఆయన 1930లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో జన్మించాడు. శాక్సఫోన్ వాద్యమంటే ఆయనకు ప్రాణం. జెనీవా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, నేత్రవైద్యుడైన తరువాత కూడా ఆ వాద్యాన్ని విడిచిపెట్టలేదు.

చిన్న గాటు గుండానే శుక్లాన్ని తీయాలని కెల్మన్ పట్టుపట్టాడు. ఒక ధర్మసంస్థ మూడేళ్ళ పరిశోధనకు ధనమిచ్చింది. తిరుగుడు పనిముట్లు ఎన్నో చేయించి చూశాడు. అవి తిరిగితే కటకమూ వాటితో తిరిగి, చుట్టూ ఉన్న సున్నితమైన పొరలు దెబ్బతినేవి. గడువు దగ్గరపడింది. చేతిలో ఫలితం లేదు.

ఆ రోజుల్లో పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి ఆయన దంతవైద్యుని వద్దకు వెళ్ళాడు. అక్కడి పనిముట్టు కొన అతిధ్వని కంపనాలతో పళ్ళ గారను రాల్చివేస్తున్నది. పన్ను మాత్రం కదలడం లేదు! కెల్మన్‌కు దారి దొరికింది. సెకనుకు 40,000 సార్లు కంపించే సూది తాకితే, పక్కకు జరిగే వ్యవధి లేక కటకం ఉన్నచోటనే నలిగిపోతుంది. సూది బోలుగా ఉంటే ఆ ముక్కలను దాని గుండానే పీల్చివేయవచ్చు. వేడి పుట్టకుండా నీరు ప్రవహిస్తూ ఉండాలి. ఇందుకు 3 మిల్లీమీటర్ల గాటు చాలు.

1967లో మొదటిసారి మనిషి కంటికి ఈ శస్త్రచికిత్స చేశాడు. అది చూపు పోయి, తీసివేయవలసి ఉన్న కన్ను. నాలుగు గంటలు పట్టింది. ఫలితం బాగా రాలేదు. తోటి వైద్యులలో చాలామంది ఇది ప్రమాదకరమన్నారు. వారి మాట పూర్తిగా నిరాధారం కాదు, తొలినాటి యంత్రాలు కంటికి హాని చేసేవి. పైగా కృత్రిమ కటకాలు గట్టివి కావడంతో, వాటిని అమర్చడానికి గాటును మళ్ళీ పెద్దది చేయవలసి వచ్చేది. 1980 దశకంలో మడత పెట్టగల కటకాలు వచ్చాక గాని చిన్న గాటుకు పూర్తి విలువ రాలేదు. అంతవరకూ కెల్మన్ యంత్రాన్ని సరిదిద్దుతూ, ఇతర వైద్యులకు నేర్పుతూ వచ్చాడు.

తీరిక వేళల్లో ఆయన కచేరీలు చేసేవాడు. ప్రసిద్ధమైన కార్నెగీ హాలులో సైతం శాక్సఫోన్ వాయించాడు. 2004లో కన్నుమూశాడు. ఆ సంవత్సరమే వైద్యరంగంలో పేరెన్నికగన్న లాస్కర్ పురస్కారం మరణానంతరం ఆయనకు లభించింది.