బడిపంతులు తెచ్చిన బంగారం: మన రహీం సాబ్

అసర్ నమాజు అయ్యాక వాడరేవు ఇసుకలో బంతి తన్నుకునే పిల్లల్ని అడిగి చూడండి. మెస్సీ, రొనాల్డో పేర్లు టక్కున చెప్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. 2024 రంజాన్ పండక్కి అజయ్ దేవగన్ ‘మైదాన్’ సినిమా వచ్చాక కొంతమందికి ఆ పేరు తెలిసింది. నిజానికి సినిమా కంటే ముందే మన ఇళ్లల్లో చెప్పుకోవాల్సిన కథ ఇది.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు. వృత్తి బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం సెక్రటరీ అయ్యారు, చనిపోయే వరకు ఆ బాధ్యత ఆయనదే. సిటీ పోలీస్ జట్టుకు కోచ్ కూడా ఆయనే.

ఆట నేర్పడంలో కూడా ఆయన పంతులే. పిల్లలు బంతిని కాలికి అంటిపెట్టుకుని ఒక్కళ్లే పరుగెత్తే అలవాటు మానాలని, డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో పోటీలు పెట్టేవారు. అంటే బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. వీటికి డబ్బు ఖర్చు లేదు, విదేశీ సామాను అక్కర్లేదు. కావాల్సింది ఓపిక, ఆలోచన. ఆ రెండూ ఆయన దగ్గర పుష్కలంగా ఉండేవి.

1948లో పోలీస్ యాక్షన్ జరిగింది, హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. అక్కడి ముస్లిం కుటుంబాలకు అవి భయంతో, దిగులుతో గడిచిన రోజులు. సరిగ్గా రెండేళ్లకు, 1950లో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలిచింది. ఒక్కసారితో ఆగలేదు. 1954 దాకా వరసగా ఐదుసార్లు ఆ కప్ వాళ్లదే. ఆ 1950లోనే రహీం సాబ్ చేతికి భారత జట్టు వచ్చింది. కలకత్తా క్లబ్బులదే పెత్తనమైన ఆటలో ఒక హైదరాబాదీ పంతులు దేశానికి కోచ్ అవడం చిన్న సంగతి కాదు.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి మనవాళ్లు బంగారం కొట్టారు. మరుసటి ఏడాదే గట్టి దెబ్బ తగిలింది. హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ తర్వాత మన దగ్గర బూట్లు తప్పనిసరి చేశారు. రహీం సాబ్ అయితే బూట్లతో పని అయిపోయిందనుకోలేదు. హంగేరీ జట్టు ఆడే పద్ధతిని గమనించి, సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి ఉంచి ఆడించే విధానాన్ని మనవాళ్లకు నేర్పారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనబడింది. సొంతగడ్డ మీద ఆడుతున్న ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ లాంటి హైదరాబాద్, సికింద్రాబాద్ ఆటగాళ్లు ఉన్నారు. బలరామ్ అమ్ముగూడ పేదింటి పిల్లాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు సాబ్ తన జేబులోంచే ఇచ్చారని ఆయన పెద్దయ్యాక కూడా చెప్పుకునేవారు.

ఇక 1962 జకార్తా. అప్పటికే సాబ్‌కు క్యాన్సర్. అయినా జట్టుతో వెళ్లారు. అక్కడ వాతావరణం మనకు పూర్తిగా ఎదురుగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాని మీద మన అధికారి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పడంతో జనం భారత్ మీద మండిపడ్డారు. పైగా మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. స్టేడియంలో లక్షమంది, అంతా మనల్ని ఎగతాళి చేసేవాళ్లే. పాకిస్తాన్ హాకీ జట్టు మాత్రం మన పక్షాన చప్పట్లు కొట్టిందని ఆ ఆటగాళ్లు తర్వాత చెప్పారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతోనే జర్నైల్ ఇంకో గోల్. 2-1తో బంగారం మనదైంది.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. వయసు 53. 1970లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్సీలో కాంస్యం వచ్చింది. అంతే, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ పతకం లేదు.

మన పిల్లల్లో కాలిసత్తువకు కొదవ లేదు. కాకపోతే సైకిల్ అద్దె ఇచ్చి మరీ పిలిచే పంతులు కావాలి. ఈ శుక్రవారం జుమా అయ్యి ఇంటికొచ్చాక మెస్సీ గురించి మాట్లాడే మీ అబ్బాయికి ఈ పేరు కూడా ఒకసారి చెప్పండి. అల్లాహ్ రహీం సాబ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.