శామ్యూల్ కోల్టు

కొందరి పేళ్లు వారు నిర్మించిన వస్తువులకే పేళ్లుగా నిలిచిపోవును. అట్టివారిలో అమెరికా దేశీయుడగు శామ్యూల్ కోల్టు ఒకడు. ఒకమారు నింపిన పిమ్మట ఐదారు గుండ్లను వరుసగా ప్రేల్చగల రివాల్వరును వాడుకలోనికి తెచ్చినవాడు ఇతడే. ఇతని జీవితములో అనుసరింపదగినది కొంత, వర్జింపదగినది కొంత, నిదానముగా ఆలోచింపదగినది కొంత కలదు.

కోల్టు 1814వ సంవత్సరము జూలై 19వ తేదీన కనెక్టికట్ రాష్ట్రములోని హార్ట్‌ఫర్డు పట్టణమున జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. తండ్రి వ్యాపారము చితికిపోయెను. పదునొకండవ యేట బాలుడు ఒక రైతు నింట పనికి కుదురవలసివచ్చెను. ఆ యింటనే అతనికి ఒక విజ్ఞానగ్రంథము దొరకెను. తుపాకిమందు, విద్యుద్ఘటము మున్నగువాని వివరములు చదివి, చదివినదానిని చేసి చూడవలెనను కోరిక అతనికి ప్రబలమయ్యెను. 1829 జూలై 4వ తేదీన వేర్ అను గ్రామపు చెరువులో ఒక తెప్పను విద్యుత్తుతో ప్రేల్చి చూపెదనని చాటింపగా జనము గుమిగూడిరి. తెప్ప ప్రేలెను గాని, బురదనీరు చూడవచ్చినవారిపై కురిసెను! కోపించిన జనమునుండి ఎలీషా రూట్ అను యువ యంత్రనిపుణుడు అతనిని కాపాడెనని చెప్పుదురు. మరుసటి యేట ఆమ్హర్స్టు పాఠశాలలో ఇట్టి ప్రేలుడు వేడుకలే జరుపబోయి చదువునకు దూరమయ్యెను.

తండ్రి కుమారుని నావికునిగా చేయదలచి, 1830లో బోస్టను రేవునుండి మన కలకత్తాకు బయలుదేరిన కోర్వో అను ఓడలో ఎక్కించెను. ఓడలోని చక్రము తిరిగి ఆగుట చూచి అతనికి రివాల్వరు ఊహ తట్టెనని ఒక కథ ప్రచారములో నున్నది. తిరుగు తుపాకులు అంతకు ముందును లేకపోలేదు. చెకుముకిరాతితో ప్రేలు అట్టి తుపాకిని కోలియర్ అను నతడు నిర్మించియుండెను. ఊహ ఎక్కడిదైనను, ఆ ప్రయాణములోనే కోల్టు కత్తితో కొయ్యను చెక్కి ఒక నమూనాను చేసెను. దానిని నిజమైన తుపాకిగా చేయించుటకు ధనము లేదు. అందుకై సుమారు మూడేండ్లు ఊరూరు తిరుగుచు, నవ్వు పుట్టించు వాయువును జనులచే పీల్పించి వినోదము చూపి ధనము కూడబెట్టెను. ఆ పట్టుదల మెచ్చదగినదే. కాని ఆ దినములలో తనను కలకత్తా, లండను నగరముల డాక్టరుగా చెప్పుకొనుట మాత్రము మెచ్చదగినది కాదు.

అతని రివాల్వరు పనిచేయుటకు మరియొకరి పరిశోధన ఆధారమయ్యెను. తాకిడికే మండు రసాయనముతో తుపాకి ప్రేల్చు పద్ధతికి స్కాట్లండు మతాచార్యుడగు అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో హక్కుపత్రము పొందెను. పిమ్మట ఆ రసాయనమును చిన్న రాగిటోపీలలో ఉంచుట వాడుకకు వచ్చెను. కోల్టు రివాల్వరులో గుండ్రని సిలిండరు ఒకటి కలదు. అందలి ప్రతి గదిలోను తుపాకిమందు పోసి, సీసపు గుండు నుంచి గట్టిగా కూరవలెను. వెనుకవైపు చనుమొనపై రాగిటోపీ తొడుగవలెను. సుత్తిని వెనుకకు లాగినప్పుడు ఒక చిన్న కొక్కెము సిలిండరు పండ్లను నెట్టి, తరువాతి గదిని గొట్టమునకు ఎదురుగా తెచ్చును. వేరొక కీలు గాడిలో పడి దానిని కదలనీయదు. మీట నొక్కగా సుత్తి టోపీపై పడును, నిప్పు పుట్టును, గుండు వెడలును. ఒక గదిలోని మంట ప్రక్క గదులకు ప్రాకకుండుటకు గుండ్లపై క్రొవ్వు పూయుట వాడుక.

1836 ఫిబ్రవరి 25వ తేదీన అమెరికా ప్రభుత్వము కోల్టునకు హక్కుపత్ర మొసగెను. పేటర్సను పట్టణమున కర్మాగారము వెలసెను. అచటి ఐదు గుండ్ల రివాల్వరు సున్నితమైనది, ధర హెచ్చు. సైన్యము తగినంతగా కొనలేదు. 1842లో ఆ సంస్థ మూతపడెను. కోల్టు నిరాశతో కూర్చుండలేదు. నీటిలో ప్రేలు మందుపాతరలను, తంతివార్తలకై నీటిలో వేయు తీగలను గూర్చి ప్రయోగములు చేసెను.

మెక్సికో యుద్ధకాలమున శామ్యూల్ వాకర్ అను సేనాని పేటర్సను రివాల్వరు గుణదోషములను కోల్టునకు తెలిపి, బలమైన క్రొత్తదానిని కోరెను. 1847లో వేయి రివాల్వర్లకు ప్రభుత్వపు ఉత్తరువు వచ్చెను. అప్పటికి కోల్టునకు సొంత కర్మాగారము లేదు! విట్నీ కర్మాగారములో వానిని చేయించి యిచ్చెను. ఆ వాకరు రివాల్వరు నాలుగున్నర పౌనుల బరువు. గొట్టము 9 అంగుళములు. అది మిక్కిలి శక్తిమంతమైనను, కొన్నింటి సిలిండరులు పగిలినవి. బరువును మందును తగ్గించి డ్రాగూన్ రకమును, పిమ్మట 1851లో రెండున్నర పౌనులకు కొంచెము మించిన నేవీ రకమును, 1860లో ఆర్మీ రకమును కోల్టు వెలువరించెను. నేవీ గుండు 0.36 అంగుళమైతే, ఆర్మీ గుండు 0.44 అంగుళము. లోపమును ఒప్పుకొని దిద్దుకొనుటయే ఈ వరుసలో కనబడు గొప్పతనము.

ఇతనికి పోటీగా రెమింగ్టను సంస్థ వేరొక పద్ధతిని అనుసరించెను. కోల్టు రివాల్వరులో సిలిండరుపైన ఇనుపపట్టీ లేదు. గొట్టమును ఒక మేకు పట్టియుంచును. రెమింగ్టనులో పట్టీ సిలిండరు మీదుగా పోవుటచే చట్రము గట్టిది, సిలిండరును మార్చుట సులభము. కోల్టులో గురిచూచు గాడి సుత్తిపైననే ఉండుటచే నిలకడ తక్కువ. పగిలిన టోపీముక్కలు లోనికి జారి యంత్రమును ఆపుటయు కలదు. కాని కోల్టు ఇరుసు లావైనది, దాని గాళ్లలో క్రొవ్వు నిలుచును. కావున మసి పట్టినను సిలిండరు మరికొంతసేపు తిరుగును. ఇటలీ దేశమున గార్డోనె ప్రాంతములో 1950వ దశాబ్ది చివరనుండి ఈ రెండు రకములకును ప్రతిరూపములు తయారగుచున్నవి. వానిని పోటీలలో గురి అభ్యసించువారు, చరిత్రప్రియులు కొనుచుందురు. ఇత్తడి చట్రముగల ప్రతిరూపములు చూపునకు అందమైనవే గాని, మెత్తని లోహమగుటచే ఎక్కువ మందు పోసిన సడలిపోవును. ఉక్కు చట్రమే మన్నికైనది.

1849లో కోల్టు తనను బాల్యమున కాపాడిన ఎలీషా రూట్‌నే తన కర్మాగారమునకు అధికారిగా రప్పించెను. 1855లో హార్ట్‌ఫర్డు నదీతీరమున వరదకట్ట వేయించి పెద్ద కర్మాగారము నెలకొల్పెను. ఒకే కొలతలో భాగములను చేయు యంత్రములు అచట బారులు తీరెను. అచట పనినేర్చినవారు ఇతర పరిశ్రమలకు ఆ విద్యను వ్యాపింపజేసిరి. పనివారికి ఇండ్లను, ఉపన్యాసములు వినుటకు ఒక మందిరమును కోల్టు కట్టించెను.

అయినను ఈ ఐశ్వర్యమునకు వేరొక ముఖము కలదు. ఆ రివాల్వర్లు ఆదివాసులపై జరిగిన యుద్ధములలో వాడబడినవి. అంతర్యుద్ధము 1861 ఏప్రిలులో ఆరంభమగు దినములవరకు కోల్టు దక్షిణ రాష్ట్రములకును ఆయుధము లమ్మెను. పిమ్మట ఉత్తర సైన్యమునకు లక్షకు పైగా ఆర్మీ రివాల్వర్లు అతని కర్మాగారమునుండియే పోయినవి. కొనువాని చేయి ఎట్టిదో అతడు చూడలేదు. 1862 జనవరి 10వ తేదీన, నలువదియేడవ యేట, యుద్ధము ముగియకముందే మరణించెను. 1864లో కర్మాగారము దగ్ధముకాగా అతని భార్య ఎలిజబెత్ ధైర్యముతో దానిని తిరిగి కట్టించెను.

విద్యార్థులారా! తల్లిని కోల్పోయి పాఠశాలకు దూరమైన బాలుడు చదివిన ఒక్క పుస్తకముతోను, చెక్కిన ఒక్క కొయ్యముక్కతోను ఎంతటివాడయ్యెనో చూచితిరి. ఒక సంస్థ కూలినను మరల లేచిన ఆ పట్టుదలను గ్రహింపుడు. దానితోపాటు, మన చేతి నేర్పు ఎవరికి మేలు చేయును, ఎవరికి కీడు చేయును అని పనికి ముందే విచారించుటను కూడ అలవరచుకొనుడు. ఆ విచారణ లేనందుననే కోల్టు కీర్తి నేటికిని నిండు కీర్తి కాలేకున్నది.