ఆచార్య రజియుద్దీన్ సిద్దీఖీ

తార్నాక మీదుగా ఉస్మానియా ప్రాంగణంలోనికి వచ్చు విద్యార్థులలో ఈ పేరెరిగినవారు కొందరే. హైదరాబాదులో జన్మించి, ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమమున పట్టభద్రులైన సిద్దీఖీ, కేంబ్రిడ్జిలోను, పిదప జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ వద్దను చదివినారు. క్వాంటం శాస్త్రమప్పటికి పసిబిడ్డ. 1931లో తిరిగివచ్చి మాతృవిద్యాలయంలోనే గణితాచార్యులైనారు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతమును ఉర్దూలో గ్రంథస్థము చేసినారు. దేశభాష గజళ్ళకే గాని గణితమునకు చాలదనువారికి అంతకన్న సమాధానమేమి కావలెను? రాజనీతిశాస్త్రమున హారూన్ ఖాన్ షేర్వానీ కృషియు ఆ విద్యాలయముననే సాగినది. 1948 తరువాత బోధన ఇంగ్లీషునకు మారినది. 1950లో సిద్దీఖీ పాకిస్థాన్ వెళ్ళి, పెషావరు, సింధు, ఇస్లామాబాదు విశ్వవిద్యాలయములకు ఉపాధ్యక్షులైనారు. 1998లో ఇస్లామాబాదున కన్నుమూసినారు. చిత్రమేమనగా, సింధు విశ్వవిద్యాలయమున్నదియు మరొక హైదరాబాదు చెంతనే.