తల గాయాల వైద్యానికి దారి చూపిన హకీం అజ్జహ్రావీ

అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ అజ్జహ్రావీ గొప్ప శస్త్రవైద్యులని మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. తల పగిలి ప్రాణాల మీదికి వచ్చిన రోగుల కోసం ఆయన చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. అందుకే ఆ విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

ఆయన క్రీ.శ. 936 ప్రాంతంలో అందులుస్‌లో, అంటే నేటి స్పెయిన్‌లో జన్మించారు. ఖుర్తుబా నగరం చెంతనున్న మదీనతుజ్జహ్రా ఆయన ఊరు. ఊరి పేరే ఆయన పేరులో చేరింది. 1010 ప్రాంతంలో అంతర్యుద్ధంలో ఆ ఊరు నాశనమైంది. 1013 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. కాని ఆయన గ్రంథం 'అత్తస్రీఫ్' నిలిచింది. అందులో 30 భాగాలున్నాయి. చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. సుమారు 200 పరికరాల బొమ్మలు అందులో ఉన్నాయి.

పుర్రె పగిలినప్పుడు విరిగిన ఎముక ముక్కలను తీయడానికి ఆయన ప్రత్యేకమైన బరమాలను వర్ణించారు. మొన పైభాగాన గుండ్రని అంచు ఉండటంవల్ల బరమా లోపలికి జారి మెదడు పొరను చీల్చదు. ఎముకల మందాన్ని బట్టి వేర్వేరు కొలతల బరమాలు ఉండాలన్నారు. పొర చెడిపోకముందే, చలికాలంలో 14వ రోజులోపు, వేసవిలో 7వ రోజులోపు ఈ పని ముగించాలని హెచ్చరించారు. వెన్నుపూస విరిగినప్పుడు చేతులు చచ్చుబడ్డాయా, కాళ్లు చచ్చుబడ్డాయా అని చూసి దెబ్బ ఎక్కడ తగిలిందో గ్రహించాలని బోధించారు. యూనానీ హకీముల విద్యకు స్వానుభవాన్ని జోడించి ఆయన ఇదంతా రాశారు. 12వ శతాబ్దంలో ఇది లాటిన్‌లోకి వెళ్లి ఐరోపా వైద్యులకు శతాబ్దాలపాటు పాఠ్యగ్రంథమైంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తలకు దెబ్బ తగిలిన మనిషికి వాంతులు, మూర్ఛ, మాట పడిపోవడం, మతి తప్పడం, తీవ్ర జ్వరం కనిపిస్తే అతనిపై ఆశ వదులుకోవలసిందేనని ఆయన రాశారు. ఆ కాలంలో అంతకు మించి సాధనాలు లేవు. నేడు స్కాన్ ఉంది, వెంటిలేటర్ ఉంది, మెదడుపై ఒత్తిడి తగ్గించే మందులూ ఆపరేషన్లూ ఉన్నాయి. కనుక ఆయన ఆశ వదులుకున్న ఆ లక్షణాలే నేడు మనల్ని ఆసుపత్రికి పరుగెత్తించాలి.

అలాంటి రోగికి నీళ్లు తాగించరాదు, మెడ కదిలించరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. కాసేపు చూద్దామని ఇంట్లో ఉంచితే, వెయ్యేళ్ల క్రితం దొరకని అవకాశాన్ని మన చేతులతో మనమే జారవిడుచుకున్నట్లవుతుంది.