కరీంనగరు వాడు, బొంబాయి నటుడు: పైడి జైరాజ్

మూగచిత్రముల నటులలో పలువురకు 1931వ సంవత్సరము గండమై వచ్చినది. ఆ యేడు మార్చి 14వ తేదీన బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదల కాగానే తెరబొమ్మ మాటలాడ నేర్చినది. అంతవరకు చూపుతోను, దేహదార్ఢ్యముతోను మెప్పించిన వారిని జనులు చెవియొగ్గి వినసాగిరి. నుడికారము, ఉచ్చారణ సరిలేని వారు క్రమముగా కనుమరుగైరి. ఆ పరీక్షలో నెగ్గిన కొద్దిమందిలో ఒక తెలుగువాడు, అందులోను కరీంనగరు వాడు ఉన్నాడన్న సంగతి మన విద్యార్థులలో చాలమంది ఎరుగరు.

ఆయన అసలు పేరు పైడిపాటి జైరుల నాయుడు. 1909 సెప్టెంబరు 28న జన్మించెను. నాటి కరీంనగరు నిజాం రాజ్యములోనిది. ఇంట తెలుగు, కచేరీలో ఉర్దూ. గోదావరి దాటి ఆదిలాబాదు వైపు పోయినచో వీనికి మరాఠీ, గోండీ తోడగును. ఇచ్చోడ వంటి ఊళ్లలో పెరిగిన పిల్లలకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. రాజభాష ఉర్దూ యగుటచే తెలుగు చదువులకు కలిగిన నష్టము చిన్నది కాదు. ఆ నష్టమును మరువరాదు. అయినను జైరాజ్ విషయమున మాత్రము ఆ ఉర్దూయే పెట్టుబడి యయ్యెను.

హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన ఆ యువకుడు 1929లో బొంబాయి చేరెను. ఇరువదేండ్ల ప్రాయము, చక్కని విగ్రహము. ఆ యేడే 'జగ్‌మగ్‌తీ జవానీ' అను మూగచిత్రమున చిన్న వేషము లభించెను. అనతికాలముననే నాయక పాత్రలు వచ్చెను. 1932లో 'షికారీ' చిత్రముతో ఆయన గొంతు మొదటిసారి తెరపై వినబడెను. మూకీలతో వచ్చిన పేరు టాకీలలో చెడలేదు, ఇంకను పెరిగెను.

1946లో వచ్చిన 'షాజహాన్'లో సైగల్ సరసన శిల్పి షిరాజ్‌గా నటించెను. కాని ప్రేక్షకుల మనసులలో ఆయన నిలిచినది వీరపురుషుల వేషములలోనే. 'హాతింతాయి' (1956), 'అమర్‌సింగ్ రాఠోడ్' (1957), 'పృథ్వీరాజ్ చౌహాన్' (1959), 'వీర్ దుర్గాదాస్' (1960) వరుసగా వచ్చెను. రాజపుత్ర వీరుల రోషమును ఉత్తరదేశీయులకు తెరపై చూపినవాడు మానేరు తీరమున పుట్టినవాడు! 1963లో విప్లవవీరుడు చంద్రశేఖర్ ఆజాద్ పాత్రను ధరించునాటికి ఆయనకు ఏబదియేండ్లు దాటినవి. ఆజాద్ అమరుడైనది ఇరువదినాలుగవ యేట. ఇంత వ్యత్యాసమున్నను నిర్మాతలు ఆయననే కోరిరనిన, ఆ ముఖమునకు వీరరసముతో నేర్పడిన బంధము తెలియగలదు.

దర్శకత్వమునను చేయి పెట్టెను. బాంబే టాకీస్ వారి 'ప్రతిమ' (1945) ఆయన దర్శకత్వమున వెలువడినదే. దిలీప్ కుమార్‌కు అది రెండవ చిత్రము. తరువాత నర్గీస్, భరత్ భూషణ్‌లతో 'సాగర్' (1951) తానే నిర్మించి, దర్శకత్వము వహించెను. అది ఆశించిన ఫలమీయలేదు. ఆయన ప్రజ్ఞ నటనయందే యనుట న్యాయము.

వయసు మీరిన పిదప కథానాయకుడు ఇంట కూర్చుండుట పరిపాటి. జైరాజ్ అట్లు కూర్చుండలేదు. గాంధీజీ హత్యను గూర్చిన ఆంగ్ల చిత్రము 'నైన్ అవర్స్ టు రామా' (1963)లో ఘనశ్యాందాస్ బిర్లాగా, 'షోలే' (1975)లో పోలీసు అధికారిగా కనుపించెను. ఒకనాడు గుఱ్ఱమెక్కి తెరనిండ నిలిచినవాడు రెండు నిమిషముల వేషమునకును ముఖమునకు రంగు పూసికొనుటకు సంకోచింపలేదు. మొత్తము 150కి పైబడిన చిత్రములు.

1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము ఆయనకు లభించెను. తెలుగువారిలో అంతకుముందు ఆ గౌరవము 1974కు గాను బి.ఎన్. రెడ్డిగారికి దక్కినది. రెడ్డిగారిని తెలుగుదేశమంతయు ఎరుగును. జైరాజ్ కీర్తి హిందీ చిత్రములదగుటచే సొంత జిల్లాలోనే ఆయన పేరు చాలకాలము పరాయి పేరువలె వినబడెను.

2000 ఆగస్టు 11న ముంబయిలో ఆయన కన్నుమూసెను. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట హైదరాబాదు రవీంద్రభారతిలోని చిత్రప్రదర్శనశాలకు పైడి జైరాజ్ పేరు పెట్టిరి. ఇంకను పేరు రాని యువ దర్శకుల లఘుచిత్రములు అందు ప్రదర్శింపబడినవి.