అనువాద యంత్రాలకు పరీక్ష పెట్టిన గ్రేస్ హాపర్

కంప్యూటరు చరిత్ర చదివినవారికి గ్రేస్ హాపర్ పేరు కొత్త కాదు. అయితే ఆమెను గురించిన వ్యాసాలు సాధారణంగా ఒక చిమ్మట కథతో మొదలై కోబాల్ భాషతో ముగుస్తాయి. అరవై ఏళ్ళు నిండిన తరువాత ఆమె చేపట్టిన పని అంతగా ప్రచారానికి నోచుకోలేదు. నిజానికి ఆమె జీవితమంతా ఆ పనికి సన్నాహమే అనిపిస్తుంది.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్కు నగరంలో జన్మించారు. ఏడేళ్ళ వయసులో అలారం గడియారం లోపల ఏముందో చూడాలని ఒకటి విప్పి, తిరిగి బిగించలేక, అర్థం చేసుకునేందుకు మరొకటి విప్పి, ఆ విధంగా ఇంట్లోని ఏడు గడియారాలనూ ముక్కలు చేశారు. ఇకపై ఒక్క గడియారంతోనే సరిపెట్టుకోవాలని తల్లి కట్టడి చేయవలసి వచ్చింది. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితశాస్త్రంలో డాక్టరేటు పొంది, వాసర్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేశారు. యుద్ధకాలంలో, 1943లో, నౌకాదళ రిజర్వులో చేరారు. శరీరం బరువు నిబంధనకు తక్కువ కావడంతో ప్రత్యేక అనుమతి పొందవలసి వచ్చింది.

1944లో హార్వర్డులో 51 అడుగుల పొడవున్న మార్క్-1 యంత్రం ఆమెకు అప్పగించబడింది. అక్కడివారు ఒకసారి సరిగా పనిచేసిన ఆదేశాల వరుసను నోటుపుస్తకాలలో రాసుకొని, అవసరమైనప్పుడు ఒకరి పుస్తకం నుండి మరొకరు ఎక్కించుకునేవారు. చిక్కంతా ఆ ఎక్కించుకోవడంలోనే వచ్చింది. ఇంగ్లీషు బి అక్షరం 13 అయ్యేది. 4 అంకె ఖాళీ స్థలాన్ని సూచించే త్రికోణంగా మారేది. తెలుగు తలకట్టునూ కన్నడ తలకట్టునూ ఒకే పలకమీద దిద్దే మన సరిహద్దు గ్రామాల పిల్లలకు ఈ అవస్థ కొత్తది కాదు. చదువుకున్న గణితవేత్తలే ఎక్కించి రాయడంలో తప్పుతున్నారంటే, ఆ పనిని యంత్రానికే అప్పగించాలన్న ఆలోచన ఆమెకు కలగడం సహజం.

1947 సెప్టెంబరు 9న మార్క్-2 యంత్రపు రిలేలో ఇరుక్కున్న చిమ్మటను సిబ్బంది తీసి లాగ్ పుస్తకంలో అంటించారు. దానిని కనుగొన్నది హాపర్ కాదు. దోషాన్ని పురుగు అనడం కూడా ఆనాడు పుట్టినది కాదు, ఎడిసన్ కాలం నుండే ఇంజనీర్లలో ఆ వాడుక ఉంది. కథను లోకమంతా చాటినది మాత్రం ఆమే. పురుగు దొరికితే కంటికి కనబడుతుంది, తీసివేస్తే పని ముగుస్తుంది. అనువాదం చేసే ప్రోగ్రాములోనే దోషముంటే సంగతి వేరు.

1952లో ఆమె రూపొందించిన ఎ-0 కంపైలర్, తరువాతి ఫ్లో-మ్యాటిక్ భాష, వాటి ప్రభావంతో 1959-60లలో ఒక సంఘం తీర్చిదిద్దిన కోబాల్, ఇవన్నీ మనిషి రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే ప్రయత్నాలే. ఆమెను కోబాల్ మాత అనడం కొంత అతిశయోక్తి. జీన్ సామెట్ మొదలైనవారి శ్రమ కూడా అందులో ఉన్నది. రెండు భాషల మధ్య బతికే బాగేపల్లివారికి కంపైలర్ అంటే ఏమిటో చెప్పడం సులభం. పత్రాన్నంతా ముందుగానే తర్జుమా చేసి ఇచ్చేది కంపైలర్. పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం చెప్పే దుబాసీ ఇంటర్‌ప్రెటర్. పొరపాటు వచ్చినప్పుడు చెప్పినవాడిదా, దుబాసీదా అన్న తగువు రెండింటికీ సమానమే.

ఆ తగువు నౌకాదళంలో ముదిరింది. వేర్వేరు కంపెనీల యంత్రాలు, ఒక్కొక్కదానికి ఒక్కో తీరు కోబాల్. ఒకచోట నడిచిన ప్రోగ్రాము మరొకచోట నడవదు. ప్రతి కంపెనీ తన కంపైలరే సరైనదని వాదించేది. 1966 చివర పదవీ విరమణ చేసిన హాపర్‌ను 1967 ఆగస్టులో ఆరు నెలల పనికని తిరిగి పిలిపించారు. ఆ ఆరు నెలలు పంతొమ్మిదేళ్ళయ్యాయి.

ఆమె నాయకత్వంలోని బృందం వాదానికి దిగలేదు, పరీక్షా ప్రోగ్రాములు రాసింది. ఇటువంటి పరీక్ష స్వభావం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. రెండంకెలు మాత్రమే పట్టే గడిలో 99 ఉన్నది. దానికి 1 కలపమని చెప్పి, ఫలితం పట్టకపోతే ఏమి చేయాలో కూడా చెప్పినట్లయితే, నియమం ప్రకారం గడిలో 99 చెక్కుచెదరకుండా ఉండాలి. ఏదైనా కంపైలర్ అక్కడ 00 ఉంచితే అది తప్పినట్లే. సరైన జవాబు ముందే రాసి ఉంటుంది. వచ్చిన జవాబుతో ప్రోగ్రామే పోల్చుకొని ఉత్తీర్ణమో కాదో అచ్చు వేస్తుంది. కంపెనీవారు తమ గదిలో నడిపినా అదే తప్పు మళ్ళీ కనబడుతుంది. పెద్ద ప్రోగ్రాము ఎక్కడో చెడిందన్న ఫిర్యాదును తోసిపుచ్చవచ్చు గాని, పది పంక్తుల ఈ సాక్ష్యాన్ని తోసిపుచ్చడం కష్టం. క్రమంగా కంపైలర్ల మధ్య తేడాలు తగ్గాయి. తరువాత ఆ పరీక్షల బాధ్యత అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థకు చేరింది.

పైథాన్, పెర్ల్ వంటి భాషల ఇంటర్‌ప్రెటర్లను చూసుకునేవారు ఈనాడు కోరేదీ అదే. ఇంటర్‌ప్రెటర్ కుప్పకూలిందని చెబితే చాలదు. ఏ ప్రోగ్రాముతో కూలిందో దానిని తీసుకొని, అవసరం లేని పంక్తులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ, ప్రతిసారీ నడిపి చూస్తూ, ఇంకొక్క పంక్తి తీస్తే దోషం మాయమయ్యే స్థితికి తేవాలి. సవరణ జరిగిన పిమ్మట ఆ చిన్న ప్రోగ్రామును పరీక్షల మూటలో చేర్చుతారు. అదే దోషం మళ్ళీ తలెత్తితే వెంటనే బయటపడుతుంది.

2000 సంవత్సరపు తేదీల సమస్య వచ్చినప్పుడు హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకొని అమెరికా వెళ్ళిన తెలుగు యువకులు ఎందరో. వారు సవరించిన పాత ప్రోగ్రాములు యంత్రం మారినా నడవగలిగాయంటే, వాటి వెనుక ఈ పరీక్షల పాత్ర కూడా ఉన్నది.

1986 ఆగస్టులో, 79 ఏళ్ళ వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో ఆమె విరమణ పొందారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక గౌరవాలతో ఖననం జరిగింది. ఉచితంగా లభించే గ్నూకోబాల్ కంపైలర్‌ను తయారు చేసేవారు ఆ ప్రమాణాల సంస్థవారి కోబాల్-85 పరీక్షలతోనే దానిని సరిచూసుకుంటున్నారు.